అరంగుళం అంటే అరంగుళమే కత్తిరించాలి

ప్రశ్న: నమస్తే ఆంటీ. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు, ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. డిగ్రీలో ఉండగా భుజాల వరకు కత్తిరించుకున్న జుట్టుని అప్పట్నుంచీ పెంచుతున్నాను. వీపు మధ్యకి వచ్చింది. నడుము దాకా పెంచాలని కోరిక. కానీ చివర్లు చిట్లిపోయి జడ అడుగున ఎలకతోకలా తయారైంది. మొన్న దసరా ముందు సిటీలో ఒక ఏసీ సెలూన్‌కి వెళ్లి ‘అరంగుళం చాలు’ అని చెప్పాను. తల తడిపి నాలుగు వేళ్ల మేర తీసేశారు. అడక్కుండానే లేయర్లు (పై పాయలు పొట్టిగా, కిందివి పొడవుగా మెట్లలా) వేశారు. హెయిర్ వాష్, సీరమ్, అదీ ఇదీ కలిపి ₹1,180 బిల్లు చేతిలో పెట్టారు. అది నా నెల మెస్ బిల్లులో మూడో వంతు. ఆ రోజు హాస్టల్‌కొచ్చి బాగా ఏడ్చాను. మళ్లీ ట్రిమ్ అంటేనే టెన్షన్. ట్రిమ్ చేయిస్తేనే జుట్టు పెరుగుతుందని ఫ్రెండ్స్ అంటారు, అస్సలు కత్తెర పెట్టనివ్వొద్దని అమ్మ అంటుంది. ఎవరి మాట వినాలి? రెండు వందల్లో పని జరిగే దారి ఏదైనా ఉందా?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివితే మనసు చివుక్కుమంది. నాలుగు వేళ్లంటే దాదాపు మూడంగుళాలు. ఆరు నెలలు ఓపిగ్గా పెంచుకున్నది పది నిమిషాల్లో నేల మీద పడింది, పైగా దానికి డబ్బులు కూడా నువ్వే కట్టావు. ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది?

ముందు ఫ్రెండ్స్ మాట తేల్చేద్దాం. ట్రిమ్ చేస్తే జుట్టు పెరగదు. వెంట్రుక పెరిగేది తల చర్మం లోపల, కుదురు దగ్గర. బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. కింద కత్తెర పడిన సంగతి పైన కుదురుకి తెలిసే దారే లేదు. కత్తిరించినా, కత్తిరించకపోయినా మనలో చాలామందికి నెలకి సుమారు అరంగుళం, ఏడాదికి ఆరంగుళాలు పెరుగుతుంది. పౌర్ణమికి కత్తిరించినా అంతే.

అలాగని అమ్మ చెప్పినట్టు కత్తెరే ముట్టుకోకపోతే ఏమవుతుందో నీ జడే చెబుతోంది. లెక్క వేసుకో. ఇరవై నాలుగు అంగుళాల జుట్టుంటే దాని కొన బయటికొచ్చి నాలుగేళ్లయినట్టు. నాలుగేళ్లుగా ఆ కొన మీద దువ్వెన, తువ్వాలు, దిండు, చున్నీ, బ్యాగు పట్టీ, బీచ్ రోడ్డు గాలి అన్నీ రాసుకుంటూనే ఉన్నాయి. వెంట్రుక మీద పొలుసుల పొర ఒకటి ఉంటుంది. ఆ పొర అరిగిపోగానే లోపలి పీచు విడిపోయి కొన రెండుగా చీలుతుంది. చీలిక అక్కడితో ఆగకుండా పైకి పాకుతుంది, ఎక్కడో ఒక చోట తెగుతుంది. పైన అరంగుళం పెరుగుతుంటే కింద అరంగుళం విరిగిపోతుంటుంది. ‘ఏడాదిగా నా జుట్టు పెరగడం లేదు ఆంటీ’ అని మా పార్లర్‌కి వచ్చే అమ్మాయిల్లో చాలామందిది ఇదే కథ. పెరుగుతూనే ఉంటుంది, నిలవడం లేదంతే. పెరిగినదాన్ని నిలబెట్టడానికే ట్రిమ్.

నీకు ఇప్పుడు ట్రిమ్ కావాలో లేదో నువ్వే చూసుకోవచ్చు. తలస్నానం చేసి పూర్తిగా ఆరాక, కిటికీ దగ్గర పగటి వెలుతురులో కూర్చో. ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకో. వేలెడంత పాయ తీసి గట్టిగా పురి తిప్పు. చిట్లిన కొనలన్నీ పురిలోంచి పక్కలకి లేచి నిలబడతాయి. కొన్ని రెండుగా చీలి ఉంటాయి. కొన్నిటికి కొనకి కాస్త పైన చిన్న తెల్లచుక్క కనిపిస్తుంది. ఆ చుక్క దగ్గరే రేపో మాపో విరుగుతుంది. కత్తెర పడాల్సింది ఆ చుక్కకి పావంగుళం పైన. ఇలా నాలుగైదు చోట్ల చూస్తే ఎంత తీయించాలో తెలుస్తుంది. ఆ కొలత మనసులో పెట్టుకునే పార్లర్ మెట్లెక్కు.

ఎన్నాళ్లకోసారి అంటే, జుట్టు పెంచుకునేవాళ్లకి నాలుగు నెలలకోసారి అరంగుళం చాలు. ఏడాదికి ఆరంగుళాలు పెరిగితే ఒకటిన్నర పోయి నాలుగున్నర మిగులుతుంది. కొన్ని చోట్ల ‘రెండు నెలలకోసారి రండి, అంగుళం తీస్తాం, బాగా పెరుగుతుంది’ అని చెబుతారు. రెండు నెలలకో అంగుళం అంటే ఏడాదికి ఆరు. పెరిగిందంతా వాళ్ల చీపురులోకే పోతుంది. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ఇక డబ్బు సంగతి. నీకు కావలసింది స్ట్రెయిట్ ట్రిమ్, అంటే చివర్లు ఒకే గీతలో సమంగా తీయడం. పార్లర్లో జరిగే కటింగ్ పనుల్లో అన్నిటికన్నా చిన్న పని ఇదే. దానికి ఏసీ సెలూన్ అక్కర్లేదు. మీ హాస్టల్‌కి పెదవాల్తేరు, మద్దిలపాలెం దగ్గరే. ఆ సందుల్లో ఇంటి ముందు గదికి బోర్డు తగిలించి, ఒకరో ఇద్దరో ఆడవాళ్లు నడుపుకునే పార్లర్లుంటాయి. అక్కయ్యపాలెం, కంచరపాలెం, మర్రిపాలెం, ఎటు వెళ్లినా ఇలాంటివే. మా పార్లర్లో అయితే పొడి జుట్టుకి స్ట్రెయిట్ ట్రిమ్ ₹150 తీసుకుంటాను. నీ రెండు వందల్లో ఆటో ఖర్చు కూడా మిగలాలి. బ్యూటీషియన్ కోర్సు నేర్పే చోట్ల ఇంకా తక్కువకే చేస్తారు. అక్కడ నేర్చుకునే పిల్ల చేస్తుంటే టీచర్ పక్కన నిలబడి చూస్తోందా లేదా అన్నదొక్కటే గమనించుకో.

కొత్త పార్లర్‌కి జుట్టు అప్పజెప్పే ముందు ఒకసారి ఐబ్రోస్‌కి వెళ్లు. ఆ పావుగంటలో పక్క కుర్చీలో ఎవరికైనా కటింగ్ జరుగుతుంటే చూడు. దువ్విన తర్వాతే కత్తిరిస్తోందా? ఒక పాయ కత్తిరించాక రెండో పాయని దానితో సరిచూసుకుంటోందా, లేక అడ్డంగా ఒకటే కోత కోసేస్తోందా? అన్నిటికన్నా ముఖ్యంగా నేల మీద పడ్డ జుట్టు చూడు. ‘చివర్లే తీశాను’ అని ఆవిడ చెబుతుంటే కింద జానెడు పాయలు పడి ఉన్నాయనుకో, ఐబ్రోస్ డబ్బులిచ్చి నీ దారిన నువ్వు వచ్చెయ్యి.

వెళ్లేటప్పుడు తల దువ్వుకుని, చిక్కు లేకుండా, పొడి జుట్టుతో వెళ్లు. పొడిగా ఉంటే చిట్లినవి కళ్లకి కనబడతాయి. తడిస్తే వెంట్రుక సాగుతుంది. సాగినప్పుడు అంగుళం తీస్తే ఆరాక ఇంకా పైకి పోయినట్టుంటుంది, ఉంగరాల జుట్టుకైతే మరీను. వాష్ అడగకపోతే వాష్ డబ్బులూ ఉండవు. కుర్చీలో కూర్చోకముందే నిలబడి చెప్పు: ‘స్ట్రెయిట్ ట్రిమ్ మాత్రమే. లేయర్లు వద్దు, స్టెప్ వద్దు, వాష్ వద్దు. మొత్తం ఎంత?’ ధర ఒప్పుకున్నాకే కూర్చో. తర్వాత వెనక మధ్యలోంచి ఒక్క పాయ తీసి కత్తిరించమని, ఆ ముక్క నీ అరచేతిలో పెట్టమని అడుగు. అరంగుళం ఉంటే కానివ్వండి అను. ఎక్కువుంటే అక్కడే ఆపెయ్యి. పాయ ఒక్కటే పొట్టిదైతే జడలో కలిసిపోతుంది. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడకు. పని తెలిసిన మనిషి ఏమీ అనుకోదు. నా దగ్గరికి టైలర్ టేపు తెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు, నాకు వాళ్లంటే గౌరవం.

లేయర్లు వద్దని ఎందుకంటున్నానంటే, జడ వేసుకునే అమ్మాయికి అవి రెండు విధాల నష్టం. పొట్టి పాయలు జడలోంచి బయటికి పొడుచుకొస్తాయి, అడుగున జడ ఇంకా సన్నబడుతుంది. నీకు ఇప్పటికే వేసేశారు కాబట్టి వాటిని సరిచేయడానికి అంతా ఒకేసారి పొట్టి చేయించకు. ప్రతి ట్రిమ్‌లో కింది గీత మాత్రం సమం చేయించుకుంటూ పో. పైన పొట్టివి పెరుగుతూ వచ్చి కింద కలుస్తాయి. ఓ ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఈలోగా జడ కింద రబ్బరు బ్యాండుకి బదులు మెత్తటి గుడ్డ బ్యాండు వాడు.

బిల్లు విషయం ఒకటి తెలుసుకో. సెలూన్ పనుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతమే. ఏడాదికి మొత్తం వసూళ్లు (టర్నోవర్) ₹20 లక్షల లోపు ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోని చిన్న పార్లర్లు అసలు జీఎస్టీ వసూలు చేయకూడదు. నీ పాత బిల్లు ఉంటే తీసి చూడు. పన్ను ఎంత వేశారు, అడగని సర్వీసులు ఏమేం రాశారు? తేడా కనిపిస్తే వెళ్లి మర్యాదగానే అడుగు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. ‘చిట్లినవి అతుక్కుంటాయి’ అని హెయిర్ స్పా అమ్మజూస్తే మాత్రం వద్దను. చీలిన కొనని శాశ్వతంగా అతికించే మందు లేదు. సీరమ్ పూత నాలుగు రోజులు నునుపుగా చూపిస్తుంది, తలస్నానంతో పోతుంది.

రూమ్మేట్ చేత చేయించుకోవచ్చా అని నువ్వు అడగలేదు కానీ హాస్టల్ పిల్లలు చేసే పనే కాబట్టి చెబుతున్నాను. చేయించుకోవచ్చు. కాగితాలు కోసే కత్తెర మాత్రం వద్దు. మొండి కత్తెర వెంట్రుకని కోయదు, నలుపుతుంది. నలిగిన కొన వారంలో మళ్లీ చిట్లుతుంది. నలుగురు కలిసి సెలూన్ సామాన్లు అమ్మే దుకాణంలో జుట్టు కత్తెర కొనుక్కోండి, దాంతో జుట్టు తప్ప ఇంకేదీ కోయకండి. నడినెత్తిన పాపిడి తీసి చిక్కులు లేకుండా దువ్వి, మెడ వెనక కిందుగా ఒక బ్యాండు వెయ్యండి. నెత్తి మీద కట్టి కత్తిరిస్తే లేయర్లు పడతాయి. దాని కింద బెత్తెడుకో బ్యాండు చొప్పున వేసుకుంటూ వచ్చి, ఆఖరి బ్యాండుని కత్తిరించాల్సిన చోటికి పైన ఆపండి. నువ్వు పాదాలు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడు, ఫోను చూడటానికి తల వంచకు. రూమ్మేట్‌ని ఒకటే కోత కొయ్యనివ్వకు. కత్తెర మొన పైకి పెట్టి చిన్న చిన్నగా కొరుకుతున్నట్టు కత్తిరించమను. అలా చేస్తే కాస్త వంకర వచ్చినా కనబడదు. మొదటిసారి పావంగుళంతో ఆపండి.

చివర్లు ఎక్కువకాలం నిలవాలంటే తడి జుట్టు బిగించి జడ వేసుకుని క్లాసుకి పరిగెత్తడం మానెయ్యి. తడిలోనే వెంట్రుక త్వరగా తెగుతుంది. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ చున్నీ చుట్టి అద్దు. పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రా. బండి వెనక కూర్చుంటే జడ చున్నీ లోపల పెట్టుకో. హాస్టల్లో బోరు నీళ్లయితే ఆఖరి మగ్గు మాత్రం మంచినీళ్లు పోసుకో. రాత్రి పడుకునే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె కుదుళ్లకి కాకుండా కొనలకి రాయి.

అమ్మకి కోపం రాకుండా ఒక సలహా. మంగళ, శుక్రవారాలు ఎలాగూ ఆవిడ వద్దంటుంది, ఆ రెండూ వదిలెయ్యి. ఆదివారం రద్దీ, పెళ్లి ముహూర్తాల రోజుల్లో పెద్దావిడ మేకప్‌లకి వెళ్లిపోతే పార్లర్లో అసిస్టెంట్లు మాత్రమే ఉంటారు. బుధవారమో గురువారమో మధ్యాహ్నం మూడింటికి వెళ్లు. ఖాళీగా ఉంటారు, నీ జుట్టు మీద మనసు పెడతారు. కత్తిరించిన ముక్కలు ఫొటో తీసి అమ్మకి పంపు. అరంగుళమే పోయిందని చూస్తే ఆవిడకీ ధైర్యం వస్తుంది. వీపు మధ్య నుంచి నడుముకి నీకు ఇంకో ఏడెనిమిది అంగుళాలు కావాలి. ఏడాదికి నాలుగున్నర చొప్పున పీజీ అయ్యేసరికి దాదాపు దగ్గరకొస్తావు.

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తాను. జుట్టు భుజాల దాకా పెంచి ముడి వేసుకోవాలని ఎప్పట్నుంచో ఆశ. తొమ్మిది నెలలైంది. చెవుల మీద గుబురుగా, మెడ వెనక ఎక్కువగా పెరిగి అసహ్యంగా ఉంది. మా వీధి సెలూన్లో ‘కొంచెం సరిచెయ్యన్నా’ అంటే మిషన్ పెట్టి పొట్టి చేసేస్తున్నారు. లేడీస్ పార్లర్లోకి మమ్మల్ని రానివ్వరు. నాన్న రోజూ గొడవ. మానెయ్యమంటారా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మానెయ్యొద్దు బాబూ. జుట్టు పెంచే ప్రతి మగవాడికీ అన్నిటికన్నా కష్టమైన దశ ఇదే, మీరు దాని మధ్యలో ఉన్నారు. మెడ మీది జుట్టుకి భుజం దగ్గర, నెత్తి మీది జుట్టుకి భుజం దూరం. అందుకే వెనకది ముందే పొడవైనట్టు కనిపిస్తుంది. నెత్తి మీదిది కిందికి అందుకునేదాకా మెడ వెనక మాత్రం తగ్గిస్తూ ఉండాలి.

‘కొంచెం సరిచెయ్యన్నా’ అన్న మాట ఇకనుంచి అనకండి. ఆ మాటకి సెలూన్లో అర్థం మామూలు కటింగే. ఇలా చెప్పండి: ‘అన్నా, జుట్టు పెంచుతున్నాను. మిషన్ వద్దు, కత్తెరతోనే. మెడ వెనక, చెవుల చుట్టూ మాత్రమే. పైన, పక్కల ముట్టుకోవద్దు.’ మీరు కావాలనుకున్న జుట్టు ఫొటో కాకుండా, మీలాగే సగం పెరిగిన జుట్టు ఫొటో ఒకటి ఫోనులో చూపించండి. ఖాళీగా ఉండే వేళ, ఎప్పుడూ ఒకే మనిషి దగ్గరికి వెళ్లండి. పని తక్కువే కదా అని డబ్బులు తగ్గించి ఇవ్వకండి. పూర్తి కటింగ్ డబ్బులు ఇచ్చారంటే ఆయన తొందరపడకుండా చేస్తాడు, మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు. రెండు నెలలకోసారి ఇది చాలు. భుజాలు దాటాక ఫ్యామిలీ సెలూన్లో స్ట్రెయిట్ ట్రిమ్ చేయించుకోవచ్చు. బోర్డు మీద యూనిసెక్స్ అని ఉంటే మీకూ ప్రవేశం ఉన్నట్టే.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది లేత్ మాట. తిరిగే మిషన్ దగ్గర ఒక్క పాయ వేలాడినా ప్రాణం మీదికొస్తుంది. జుట్టు రబ్బరు బ్యాండుతో కట్టినంత మాత్రాన సరిపోదు. మొత్తం లోపలికి దోపి బిగుతైన టోపీ పెట్టుకోండి. చెవుల పక్క పొట్టి పాయలు జారుతుంటే పిన్నులు పెట్టండి. ముడి పడేంత పొడవు వచ్చాక కూడా ఒక్క రోజైనా టోపీ లేకుండా మిషన్ ఆన్ చేయకండి. మీ నాన్నగారి భయం కూడా ఇదేనేమో, ఒకసారి కూర్చుని అడగండి. టోపీ పెట్టుకుంటున్నానని చూపించండి. బండి మీద హెల్మెట్ కింద పల్చటి కాటన్ గుడ్డ కట్టుకుంటే చెమట పీలుస్తుంది, జుట్టు రాపిడి తగ్గుతుంది.

ప్రశ్న: మా పాపకి మూడేళ్లు. సింహాచలంలో తలనీలాలు సమర్పించాం. జుట్టు పల్చగా వస్తోంది. ఒత్తుగా పొడవుగా రావాలంటే ఇంకో రెండుసార్లు గుండు చేయించమని అత్తయ్యగారు అంటున్నారు. నిజమేనా?
— ఒక గృహిణి, గోపాలపట్నం

జవాబు: అమ్మా, మొక్కు ఉంటే అప్పన్న స్వామికి మళ్లీ సంతోషంగా ఇవ్వండి, అది భక్తి. ఒత్తు కోసమైతే అక్కర్లేదు. తల మీద ఎన్ని కుదుళ్లు ఉండాలో పాప కడుపులో ఉండగానే తేలిపోతుంది, గుండు చేస్తే కొత్తవి పుట్టవు. గుండు తర్వాత మొలిచే వెంట్రుక కొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది, అంతే. చిన్నపిల్లల జుట్టు సన్నగా ఉండటం సహజం, వయసుతో ముదురుతుంది. తల మీద ఎక్కడైనా గుండ్రంగా ఖాళీ కనిపించినా, పొట్టు రాలుతున్నా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లండి. అవేమీ లేకపోతే ఏడాది దాకా కత్తెర పెట్టకండి. బిగించి పిలకలు వేయకండి. ఆ తర్వాత కింది గీత సమం చేయించడానికి మీ వీధి పార్లర్ చాలు, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని మీరే కుర్చీలో కూర్చోండి.